గేరు వేసే కాలు

సూక్ష్మజీవుల ల్యాబులో పనిచేయాలంటే ముందు ముక్కు బాగుండాలి. ఈ మాట మీ సిలబస్‌లో ఉండదు. మైక్రోస్కోపు ఎలా తిప్పాలో, స్లైడు మీద రంగు ఎంతసేపు ఉంచాలో కాలేజీలో చెబుతారు గానీ, పొద్దున్నే సూక్ష్మజీవులను వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీయగానే గుప్పుమనే వాసనను బట్టి సగం రిపోర్టు తెలిసిపోతుందని ఏ మాస్టారూ చెప్పడు. నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్‌గా చేసి ఈమధ్యే మానేశాను. రిటైరయ్యానంటే మా ఇంట్లో నవ్వుతారు, ప్రైవేటులో రిటైర్మెంటు ఏందని. వేళ్ళు వణకడం మొదలైంది, మానేశాను, అంతే. ఇప్పుడు పారామెడికల్ చదివే పిల్లలు మీలాంటివాళ్ళు అప్పుడప్పుడు వచ్చి, మేడం మీ అనుభవాలు చెప్పండి అని కూర్చుంటారు. చెప్పదగ్గది నా దగ్గర ఒకటే ఉంది. అది వింటే ఉత్సాహం రాదు. ఉత్సాహం కావాలంటే ఇంకెవరినన్నా అడగండి.

మా ల్యాబుకు శాంపిల్స్ తెచ్చే అతను ఒకడు ఉండేవాడు. వినుకొండ, ఈపూరు, ముప్పాళ్ళ, ఇలా చుట్టుపక్కల చిన్న చిన్న ఆసుపత్రులన్నీ తిరిగి, రక్తం, మూత్రం, చీము డబ్బాలు ఐసు పెట్టెలో సర్దుకుని మోటారు సైకిల్ మీద తెచ్చేవాడు. వాళ్ళ నాన్న వినుకొండ బస్టాండు దగ్గర మెకానిక్. కొడుకు మాత్రం బండి విప్పే పని నచ్చక బండి తోలే పనిలోకి వచ్చాడు. పల్లెల్లో అతన్ని ‘రక్తం సాయిబు’ అనేవాళ్ళు. అతనూ ఫోనెత్తి ‘నేను, రక్తం సాయిబును’ అనే మొదలుపెట్టేవాడు. నన్ను అక్కా అనేవాడు. ఒక్క శాంపిల్ ఒలకబోసింది లేదు, ఒక్కదాని మీద పేరు తారుమారైంది లేదు. ఇలాంటివాడు దొరకడం మా ఓనరు అదృష్టం. ఆ సంగతి ఓనరుకు తెలియకపోవడం ఇతని దురదృష్టం.

అతని బండి ట్యాంకు మీద ఒక సంచి ఉండేది. అందులో బిళ్ళలు.

దీని గురించి కాస్త చెప్పాలి. మా పల్నాడులో యాంటీబయాటిక్ కోర్సు చివరిదాకా వాడిన మనిషిని నేను చూడలేదు. జ్వరం తగ్గగానే మిగిలిన బిళ్ళలు టీవీ మీదో, పటాల వెనకో దాస్తారు. పక్కింట్లో ఎవరికన్నా ఒళ్ళు వెచ్చబడితే, ‘మావాడికి బ్రహ్మాండంగా పనిచేసినయ్ వదినా, పొద్దునొకటి రాత్రికొకటి వెయ్యి’ అని నాలుగు తెంపి ఇస్తారు. పిసినారితనం అనుకోకండి, అచ్చమైన ఆపేక్ష. పాలలోకి తోడు అడిగితే లేదంటామా, ఇదీ అంతే. మా సాయిబు ఈ ఆపేక్షను ఊరు దాటించాడు. ఈపూరులో ఒకరింట్లో మిగిలినవి అడిగి తీసుకుని, డాక్టరు దగ్గరికి పోలేని ముసలమ్మకు ముప్పాళ్ళలో ఇచ్చేవాడు. ఒక్క పైసా ముట్టేవాడు కాదు. ఆ ముసలమ్మలు అతని తలమీద చెయ్యిపెట్టి దీవించేవాళ్ళు.

నేను తిట్టేదాన్ని. ‘ఒరేయ్, సగం కోర్సు వేస్తే అర్భకపు పురుగులు చస్తయ్, మొండివి మిగులుతయ్. ఆ మొండివే పిల్లల్ని పెడతయ్. నువ్వు ఊరూరా మొండివాటిని పెంచుతున్నావు.’

‘పారేసేదానికన్నా నయం కదక్కా,’ అనేవాడు. ‘ఆ ముసల్దానికి దగ్గు తగ్గింది. నా కళ్ళతో చూశా.’

తగ్గిన దగ్గుతో వాదించడం ఎలాగో నాకు చేతకాలేదు. ఎండకాలంలో అతను తెచ్చిన ఐసు పెట్టెలోంచి మిగిలిన ఐసు ముక్కలు మజ్జిగలో వేసుకుందామా అని నవ్వించేవాడు. నేను చీదరించుకునేదాన్ని. ఇద్దరం అలా కాలం గడిపాం.

ఒకరోజు మధ్యాహ్నం నేను రిపోర్టులు రాసుకుంటుంటే ద్రాక్షపళ్ళ వాసన వచ్చింది. బాగా మగ్గిన ద్రాక్ష. ఎవరన్నా పళ్ళు తెచ్చారేమోనని తలెత్తాను. గదిలో ఎవరూ లేరు, శాంపిల్ పెట్టె బల్ల మీద పెడుతున్న మా సాయిబు తప్ప. ఇంక్యుబేటర్ మూసే ఉంది. బాక్టీరియాను పెంచే ప్లేట్లన్నీ లోపలే ఉన్నాయి. ఆ వాసన దేనిదో నాకు తెలుసు. సూడోమోనాస్ అనే బాక్టీరియా ప్లేటు మీద పెరిగితే అచ్చంగా ద్రాక్ష వాసనే వస్తుంది. ప్లేటు మీద ఎన్నోసార్లు చూశాను గానీ, నడిచొచ్చిన మనిషి దగ్గర అదే మొదటిసారి.

‘తమ్ముడూ, ఆ సాక్సు తియ్యి,’ అన్నాను.

ఎండలో సాక్సు వేసుకున్నవాడు అతనొక్కడే. నవ్వేశాడు. ‘గేరు రాసుకుందిలే అక్కా. చిన్న దెబ్బ.’

తీయించాను. ఎడమకాలి బొటనవేలి పైన, గేరు మార్చేటప్పుడు కడ్డీ తగిలే చోట, చర్మం లేదు. మధ్యలో ఆకుపచ్చ చీము. అంచులు నల్లబడ్డాయి. అతనికి షుగర్ ఉంది, పాదాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది. చెప్పుల్లోంచి పైకి వచ్చిన వేలితో రోజంతా ఇనుప కడ్డీని ఎత్తుతూనే ఉన్నాడు, అది ఒరుసుకుపోతున్నా తెలియలేదు. తెలిశాక ఏం చేశాడంటే, సంచిలో చెయ్యి పెట్టాడు. ఈ రకం మూడు, ఆ రకం రెండు, ఇంకేదో పెద్ద బిళ్ళ ఒకటి. అన్ని ఊళ్ళ వైద్యమూ తన కాలికే చేసుకున్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎదురుగా కూర్చోబెట్టి దూదిపుల్లతో చీము తీశాను. అతనే మాట్లాడాడు. ‘బాగా లోపలికి పెట్టక్కా. నాకేం నొప్పి లేదు,’ అన్నాడు. నొప్పి లేకపోవడమే నన్ను భయపెట్టింది.

పిల్లలూ, తర్వాతి పని మీకు తెలిసిందే. పెరిగిన బాక్టీరియాను ఇంకో ప్లేటు మీద పరిచి, మందులు అద్దిన కాగితపు బిళ్ళలు, అవే డిస్కులు, దాని మీద పేర్చి వెచ్చగా ఉంచుతాం. ఏ మందు పనిచేస్తే దాని డిస్కు చుట్టూ ఏమీ మొలవని ఖాళీ వలయం ఏర్పడుతుంది. వలయం ఎంత పెద్దదైతే అంత ధైర్యం. ఈ చూడటం మా సాయిబుకూ వచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు నా వెనక నిలబడి, ‘ఈయనకి పెద్ద సున్నా వచ్చింది, బతికిపోయాడు’ అని వేళాకోళం చేసేవాడు.

ఫలితం వచ్చే రోజు పొద్దున నేను రాకముందే వచ్చి కూర్చున్నాడు. ఇంక్యుబేటర్ తాళం నా దగ్గర ఉంది కాబట్టి ఆగాడు. నేను తీశాను. ప్లేటును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాను. అంచు నుంచి అంచుదాకా ఆకుపచ్చటి పచ్చిక. డిస్కులన్నీ ఆ పచ్చికలో మునిగిపోయి ఉన్నాయి. ఒక్కదాని చుట్టూ వలయం లేదు.

నా చేతిలోంచి ప్లేటు తీసుకున్నాడు. నెమ్మదిగా తిప్పి చూశాడు. మూత మీద రాసిన నంబరు చూశాడు. ఇంకో ప్లేటేమోనని ఆశ. నాకూ అదే ఆశ ఉండింది, అందుకే నేను ఆ నంబరు ముందే చూశాను.

‘ఒక్క సున్నా కూడా లేదేందక్కా,’ అన్నాడు.

సర్జన్ గారి ఆసుపత్రి మా వీధిలోనే. ప్లేటు సంగతి విని, కాలు చూసి, ఆయన ఒకే మాట చెప్పాడు. మోకాలి కింద తీసేయాలి, రక్తంలోకి పాకకముందే తీయాలి. ఇక మిగిలింది మా డిస్కుల్లో లేని ఒకే ఒక్క ఇంజెక్షను. అది గుంటూరులో దొరుకుతుంది, కిడ్నీల మీద దెబ్బ కొడుతుంది. ఆలోచించుకోమని చెప్పి వేరే రోగి దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి ఇంటికి పోకుండా మా సాయిబు మళ్ళీ ల్యాబుకే వచ్చి, నా బల్ల ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

‘ఎడమ కాలు లేకపోతే గేరు ఎట్టా మార్చేది?’

‘గేర్లు లేని బండి కొనుక్కో.’

‘ఆ బుడ్డ బండి మీద ఈపూరు రోడ్డులో పొమ్మంటావా. గుంతలో పడితే శాంపిలూ నేనూ ఇద్దరం పోతాం.’ స్టూలు ముందుకు జరుపుకున్నాడు. ‘ఓనరు ఉంచుతాడంటావా నన్ను?’

ఉంచడని ఇద్దరికీ తెలుసు.

‘కొన్నాళ్ళు చూద్దామక్కా. ఇంకేదన్నా మందు తగలొచ్చు. అంత చిన్నది. కంటికి కూడా కనపడదు. ఒక్కటంటే ఒక్క కణం అని నువ్వేగా చెప్పావు. నాలో కోట్లున్నయ్ అని కూడా నువ్వే చెప్పావు. కోట్లమంది కలిసి ఒక్కదాన్ని గెలవలేరా?’

అప్పుడు నేను చెప్పింది మీ పుస్తకాల్లో కూడా ఉంటుంది, పట్టిక గీసి అటు బాక్టీరియా కణం, ఇటు మన కణం అని. పరీక్షకు అది చాలు. కాలు పోగొట్టుకోబోయే మనిషికి ఎలా చెప్పాలో మాత్రం అందులో ఉండదు. నాకు తోచినట్టు చెప్పాను.

‘అది ఒంటిగది ఇల్లు తమ్ముడూ. వంటా, పడకా, సామానూ అంతా ఒకే గదిలో. దాని బతుకు ఎలా నడవాలో రాసున్న దారం కూడా గది మధ్యలో అలాగే పడుంటది. మన కణంలో ఆ దారాన్ని దాచిపెట్టడానికి వేరే గది ఉంది, సత్తువ తయారుచేసే గదులు వేరే ఉన్నయ్. దర్జాగా కట్టిన మేడ. అట్టాంటి మేడలు కోట్లు కలిస్తే నువ్వు.’

‘మరి మేడే కదా గట్టిది?’

‘మేడకి అన్నీ కావాలి. నీ కాలివేలిలో ఉన్న కణానికి గాలి కావాలంటే ఊపిరితిత్తి పీల్చాలి, గుండె పంపాలి. చెత్త ఎత్తాలంటే కిడ్నీ ఉండాలి. దెబ్బ తగిలిందని చెప్పాలంటే నరం ఉండాలి. నీకు ఆ నరం చచ్చింది, ఏలు కుళ్ళినా నీకు కబురు రాలేదు. ఆ పురుగుకు ఎవరూ అక్కర్లేదు. ఒక్కటే తింటది, ఒక్కటే పెరుగుతది, మనం టీ తాగి వచ్చేలోపు రెండవుతది. పక్కనున్న పురుగు దగ్గర మందును తట్టుకునే కిటుకు ఉంటే, ఆ రాసిన ముక్కను ఇది తీసేసుకుంటది. దానికి కులమూ లేదు, చుట్టరికమూ లేదు. నీ కణం పక్కవాడి దగ్గర అట్టా తెచ్చుకోలేదు.’

‘మరి ఇన్నాళ్ళూ మందులు ఎట్టా పనిచేసినయ్?’

‘తేడా ఉండబట్టే. దాని ఇంటికి గోడ ఉంది, మన కణానికి అట్టాంటి గోడ లేదు. ఆ గోడను కొట్టే మందు వేస్తే అది చస్తది, మనకేం కాదు. వాటికీ మనకీ ఉన్న తేడా మీదే మన మందులన్నీ బతుకుతున్నయ్. అది ఆ దెబ్బను కాచుకోవడం నేర్చిందంటే, ఇక మన దగ్గర ఏమీ లేదు.’

తల వంచుకుని విన్నాడు. నేర్పింది ఎవరు అని నేను అనలేదు. అనాల్సిన పని లేదు, అతని చెయ్యి తనకు తెలియకుండానే ఒళ్ళో పెట్టుకున్న బిళ్ళల సంచి తాడును వేలికి చుట్టుకుంటోంది.

అప్పుడు నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క మంచిమాట చెప్పాను. ఒంటికణానికి చేతకాని పని మన శరీరానికి ఒకటి చేతనవును, మొత్తం కోసం కొంత వదిలేయడం. తల్లి కడుపులో ఉన్నప్పుడు మన చెయ్యి ముద్దగా, బాతు కాలిలా ఉంటుంది. వేళ్ళ మధ్య ఉన్న కణాలు వాటంతటవే చచ్చిపోతాయి. అవి చస్తేనే వేళ్ళు విడతాయి. ‘నువ్వు పుట్టకముందే ఆ పని చేశావు. ఇప్పుడు ఇంకోసారి చెయ్యి. కాలు వదిలేసెయ్. నువ్వు మిగులు.’

తన అరచెయ్యి విప్పి, వేళ్ళు ఎడంగా పెట్టి చూసుకున్నాడు. చానాసేపు చూసుకున్నాడు.

‘సరేలే అక్కా,’ అన్నాడు. ‘నువ్వంటున్నావు కాబట్టి.’

ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇంటికి పోతూ స్వీట్లు కూడా కొన్నాను. నా ఉద్యోగంలో నేను ఒక మనిషిని బతికించానని అనుకున్న రోజు అదే. అలాంటి రోజు ఇంకొకటి లేదు.

గుంటూరులో ఆపరేషన్ చేశారు. కాలు బాగానే తీశారు, గాయం బాగానే ఉంది అన్నారు. మీలో తెలియనివాళ్ళకు చెబుతున్నాను, ముస్లింలు తీసేసిన కాలును ఆసుపత్రి చెత్తలో వదలరు. అతని తమ్ముడు దాన్ని గుడ్డలో చుట్టించుకుని, వినుకొండ తీసుకుపోయి, వాళ్ళ శ్మశానంలో పూడ్చి వచ్చాడు. మా సాయిబు నాకు ఫోన్ చేసి ఆ సంగతీ నవ్వుతూనే చెప్పాడు. ‘అడ్వాన్సుగా కాలు పెట్టొచ్చారక్కా, జాగా రిజర్వయింది,’ అన్నాడు. నేను తిట్టాను.

ఆ తర్వాత జ్వరం వచ్చింది. రక్తం పరీక్ష చేస్తే అందులోనూ అదే పెరిగింది. కాలు తీసేలోపే పైకి పాకింది. ఆ ఒక్క ఇంజెక్షను మొదలుపెట్టారు. అతని భార్య నన్ను వదినా అంటుంది. రోజూ ఫోన్ చేసి, డాక్టర్లు చెప్పినవి తనకు అర్థమైనంత చెప్పేది. ఒంటేలు రావట్లేదంట. మర్నాడు, ఊపిరి అందట్లేదంట, గొట్టం వేశారంట. ఆ తర్వాత బీపీ నిలబడట్లేదంట. ఒక్కో ఫోనుకు ఒక్కో అవయవం. ఆ స్టూలు మీద అతనికి నేనే చెప్పాను కదా, ఒకరి మీద ఒకరు ఆధారపడ్డ మేడలని. మొదటిది కూలాక రెండోది ఎందుకు కూలుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసి ఏం చేశాను, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఊఁ కొట్టాను.

పోయాడని కబురు అందుకుని నేను వినుకొండ వెళ్ళేసరికి మట్టి చేయడం అయిపోయింది. కాలు పూడ్చిన చోటు పక్కనే మనిషినీ పెట్టారట. ఇంట్లో ఆడవాళ్ళ మధ్య అతని భార్య గోడకు ఆనుకుని కూర్చునుంది. నన్ను చూసి ఏడవలేదు. పక్కన చోటు చూపించింది.

‘ఎట్టాగూ పోయేవాడే అంట కదా వదినా,’ అంది. ‘డాక్టరు చెప్పాడు, అప్పటికే లోపలికి పోయిందని.’

‘ఊఁ.’

‘అట్టాగయితే కాలుతోనే పోయేవాడు కదా. నువ్వు చెప్పావనే ఒప్పుకున్నాడు. గొట్టం వేసే ముందు లేచి చూసుకుని, లేని కాలు దురద పెడుతుంది గోకమన్నాడు. ఎక్కడ గోకను నేను?’

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా అడిగింది. అక్కడున్న ఆడవాళ్ళంతా నా మొహం వైపు చూశారు, చదువుకున్నదాన్ని కాబట్టి చెబుతానని. ఇప్పటికీ చెప్పలేను. అడగాల్సినప్పుడు అడిగాడు, చెప్పాల్సింది సరిగ్గానే చెప్పాను, అతనూ సరిగ్గానే విన్నాడు. ఎవరి తప్పూ లేకుండా కాలూ పోయింది, మనిషీ పోయాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. మా ల్యాబుకు గుంటూరు నుంచి వారానికోసారి వచ్చే మైక్రోబయాలజీ డాక్టరమ్మ ఉండేది. చిన్నపిల్ల, మంచిది, చురుకైంది. ఆ ప్లేటు చూసి, ‘మేడం, ఇన్నిటికి లొంగనిది నేను ఇంతవరకు చూడలేదు. దీన్ని చావనివ్వకండి, నాకు స్టడీకి కావాలి’ అంది. అది అతనిదని ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది, ఆమె పని అది. నేను ఒక ట్యూబులో జున్నులా గడ్డకట్టే మీడియం, అంటే దాని తిండి, పోసి, దాని మీద ఆ బాక్టీరియాను గీసి ఫ్రిజ్‌లో పెట్టాను. అలా వదిలేస్తే ఎండిపోయి చస్తుంది. అందుకని నెలకోసారి తీసి, కొత్త ట్యూబులోకి మార్చి, కొత్త తిండి పెట్టాలి.

పెట్టాను. మీరు నన్ను ఎలా చూస్తున్నారో నాకు తెలుస్తోంది. అతను లేడు, అతన్ని తిన్నదానికి నెలనెలా నేను తిండి పెట్టాను. కొత్త ట్యూబులోకి మార్చిన మర్నాడు ద్రాక్ష వాసన వచ్చేది. దానికి చావు అంటూ లేదు. మనిషి చస్తే శవం మిగులుతుంది, ఏడవడానికి అదన్నా ఉంటుంది. అది చీలి రెండవుతుంది, రెండూ అదే. అతని కాలి మీద ఉన్నదీ, నా చేతిలో ఉన్నదీ ఒకటే. ముసలిదవడం లేదు. మా సాయిబు లాంటి మనిషి తయారు కావడానికి ఒక తల్లీ, ఒక తండ్రీ, తొమ్మిది నెలలూ, ఆపైన అన్నేళ్ళ అన్నమూ కావాలి. ఇంకొకడు రాడు.

డాక్టరమ్మ పెళ్ళయి వెళ్ళిపోయింది. స్టడీ ఏమైందో తెలియదు. అయినా ట్యూబు పారేయమని నాకెవరూ చెప్పలేదు, పెంచుతూనే ఉన్నాను.

నా ఆఖరి రోజున సాయంత్రం బిస్కెట్లు తెప్పిస్తామన్నారు. పొద్దున్నే వెళ్ళి ముందు ఫ్రిజ్ తీశాను. ఎవరినీ అడగలేదు. ఆ ట్యూబు తీసి ఆటోక్లేవులో, అంటే మనం వాడేసిన ప్లేట్లను ఆవిరిలో ఉడకబెట్టే డబ్బాలో, వేసి మూత బిగించాను. విజిల్ వేసేదాకా అక్కడే నిలబడ్డాను. పాడు సంతోషం కలిగింది నాకు. చిన్నపిల్లలా, ఇక చాలు, చచ్చావు అనుకున్నాను.

తర్వాత వచ్చి ఆ పూట ప్లేట్లు చూడటానికి కూర్చున్నాను. మొదటిది ముప్పాళ్ళ నుంచి వచ్చిన మూత్రం. కాన్పయి నెల తిరగని పిల్ల, చలిజ్వరం. మూత తీయకముందే అదే ద్రాక్ష వాసన వచ్చింది. కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాను. అంచు నుంచి అంచుదాకా పచ్చిక.

డిస్కు తర్వాత డిస్కు చూస్తూ ప్రతి మందు పక్కనా ‘లొంగదు’ అని గుర్తు పెట్టి, కింద సంతకం చేశాను. కౌంటర్ దగ్గర ఆ పిల్ల మొగుడు నిలబడున్నాడు, చంకలో పసిబిడ్డ. కాగితం చేతికిస్తే తలకిందులుగా పట్టుకుని చూశాడు.

‘ఏం లేదుగా మేడం,’ అన్నాడు. ‘బిళ్ళలతో పోయిద్దిగా.’

‘డాక్టరు గారికి చూపించు నాయనా,’ అన్నాను. ‘ఇప్పుడే పో.’